ఒకేచోట బోలెడు డైనోసార్ ఎముకలు దొరికితే, మంద మొత్తం అక్కడే చచ్చిపోయిందనేనా?

కాకపోవచ్చు. మా తిరుపతిలో 2021 నవంబరు వరదలప్పుడు స్వర్ణముఖిని చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది, ఏరు పైన ఎక్కడో ఎత్తుకున్న చెట్టూ చెత్తా అంతా నీటి వేగం తగ్గిన మలుపులో దించేసి పోతుంది. చచ్చింది ఒకచోట, చేరింది ఇంకోచోట.

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అనే పొడవు మెడ డైనోసార్‌నే తీసుకోండి. తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర దాదాపు 2400 చదరపు మీటర్లలో 840 ఎముకల భాగాలు దొరికాయి, కనీసం 12 జంతువులవి, కానీ పుర్రె ఒక్కటీ లేదు! నా దృష్టిలో ఆ లేకపోవడమే పెద్ద సాక్ష్యం. ఇలాంటి పొడవు మెడ డైనోసార్లకు తల చిన్నది, పట్టు తక్కువ, కళేబరం కుళ్లుతుంటే ముందే ఊడిపోతుంది, నీళ్లు దాన్ని సులువుగా లాక్కెళ్తాయి.

మిగతా సాక్ష్యం ఎముక మీదే ఉంటుంది. కీళ్లు వరుస తప్పకుండా ఉంటే త్వరగా పూడిపోయిందని, అంచులు బాగా అరిగితే నీళ్లలో దొర్లిందని, పైన పొడవునా పగుళ్లుంటే చాలాకాలం ఎండలో పడి ఉందని అర్థం. వేరే జంతువులు పీక్కుతిన్నాయేమో తెలియడానికి పంటిగాట్లు కూడా వెతకాలి. ఒకే జాతివి, పిల్లలూ పెద్దవీ కలిసి, ఒకే మట్టి పొరలో, ఒకేలా పాడై కనిపిస్తే అప్పుడు మంద ఒకేసారి పోయిందనే మాటకు బలం వస్తుంది.