గోంగూర గింజకీ పాస్‌పోర్టు కావాలి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నమస్కారమండి. మాది కొత్తపేట దగ్గర లంక గ్రామం. నాన్నగారూ నేనూ కూరగాయ విత్తనాలు తీస్తాం. సిడ్నీలో కిరాణా కొట్టు నడిపే మా బావ గోంగూర, బెండ, దోస విత్తనాలు తలా 10 కిలోలు పంపమంటున్నాడు. చిన్న పొట్లాలు కట్టి అక్కడి మనవాళ్ళకి అమ్ముతాడట. మొలక పరీక్ష చేయిస్తే బెండ 82 శాతం, దోస 88 శాతం వచ్చింది. రిపోర్టు చేతిలోనే ఉంది. కొరియర్ అతను మాత్రం ‘ఫైటో’ లేకపోతే పార్సిల్ ముట్టుకోనంటున్నాడు. ఇంతకీ ఆ ఫైటో ఏమిటండి? ఎక్కడిస్తారు?
– ఒక యువ రైతు, కొత్తపేట మండలం

జవాబు: తమ్ముడూ, ముందు ఆ కొరియర్ అబ్బాయికి ఒక టీ ఇప్పించు. ఏమీ అడక్కుండా పంపేసి ఉంటే ఆ 30 కిలోలూ అక్కడ ఆపేసేవాళ్ళు. తిప్పి పంపినా, నాశనం చేసినా ఆ ఖర్చు మీ బావ నెత్తినే పడేది.

ఫైటో అంటే ఫైటోశానిటరీ సర్టిఫికెట్. 1951లో కుదిరిన అంతర్జాతీయ మొక్కల సంరక్షణ ఒప్పందం ప్రకారం ఒక దేశ ప్రభుత్వం ఇంకో దేశ ప్రభుత్వానికి రాసిచ్చే హామీ పత్రం అది. ‘ఈ సరుకు చూశాం, మీరు వద్దన్న పురుగూ తెగులూ ఇందులో లేవు’ అని దాని సారాంశం. మన దేశంలో ఈ వ్యవహారం ఫరీదాబాద్‌లోని మొక్కల సంరక్షణ, క్వారంటైన్ డైరెక్టరేట్ చూస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. సరుకు చూపించడానికి మనకి విశాఖ అందుబాటులో ఉంది.

ఇక మొలక రిపోర్టు సంగతి. బెండకి మన ధ్రువీకరణ ప్రమాణం 65 శాతం, నీకు 82 వచ్చింది, భేష్. మీ బావకి చూపించు, సంతోషిస్తాడు. క్వారంటైన్ అధికారికి మాత్రం ఆ అంకెతో పనిలేదు. ఆ పనిలో 30 ఏళ్ళు ఉండి రిటైరైనవాణ్ణి, ఒక్క సంగతి చెబుతాను విను.

ఒకసారి పెసర విత్తనం లాట్ ఒకటి తనిఖీకి వచ్చింది. గింజ నిగనిగలాడుతోంది, మొలక 90 దాటింది. తీసిన నమూనాని జల్లెడ పట్టి తెల్ల కాగితం మీద పోశాను. కొన్ని గింజల మీద ఆవగింజలో పావు వంతు తెల్ల చుక్కలు కనిపించాయి. ‘పిండి మర పక్కన పెట్టాం సార్, పిండి అంటుకుంది’ అన్నాడు తెచ్చినాయన. గుండుసూదితో ఒక చుక్కని గీకాను. ఊడొచ్చింది. దాని కింద గింజలో సూది మొనంత బెజ్జం! పిండి కాదు, అది పెసర పుచ్చుపురుగు గుడ్డు పెంకు. పిల్ల పురుగు పైకి రాకుండా గుడ్డు కిందనుంచే గింజలోకి తొలుచుకుపోతుంది. ఓడ దిగేసరికి లోపలినుంచి పెంకు పురుగులు బయటికొస్తాయి. అదే గింజని ముందురోజు తడిబట్టలో కడితే ఎంచక్కా మొలకెత్తింది కూడా. ఆయన ముఖం నాకింకా గుర్తే. సర్టిఫికెట్ ఇవ్వలేదు.

అందుకే ఇక్కడ ఏమీ మొదలుపెట్టకముందు సిడ్నీ నుంచి మొదలుపెట్టు. రూలు మనది కాదు, కొనే దేశానిది. ఆస్ట్రేలియావాళ్ళకి బైకాన్ అని ఒక వెబ్‌సైటుంది. మొక్క శాస్త్రీయ నామం కొడితే ఆ విత్తనాన్ని రానిస్తారా లేదా, పర్మిట్ కావాలా, ఏ పరీక్షలు చేయించాలి, సర్టిఫికెట్‌లో అదనంగా ఏ వాక్యం రాయించాలి, అన్నీ వస్తాయి. మీ బావని ఆ పేజీ ప్రింటు తీసి పంపమను. ఆ కాగితం లేకుండా ఆఫీసుకి వెళితే, వాళ్ళు దేన్ని చూసి తనిఖీ చేస్తారు?

శాస్త్రీయ నామం అన్నాను కదా, చిక్కంతా నీ గోంగూరతోనే. మనం గోంగూర అనేది రెండు జాతుల్ని. ఒకటి హైబిస్కస్ శబ్దరిఫా, రెండోది హైబిస్కస్ కెనాబినస్. గోగునార తీసేవి కూడా ఈ రెండే. నీ మడిలో ఉన్నది ఏదో వ్యవసాయ శాస్త్రవేత్తకి మొక్కని చూపించి తేల్చుకో. సర్టిఫికెట్‌లో ఒక పేరు, పొట్లం మీద ఇంకో పేరు ఉంటే అక్కడే ఆగిపోతుంది.

దోసకి ఇంకా పెద్ద టెన్షన్ ఉంది. 2014లో ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలో పుచ్చ తోటలకి ఒక మొజాయిక్ వైరస్ సోకింది. కీరదోస ఆకుమీద పచ్చ మచ్చలు తెచ్చే రకం, విత్తనం ద్వారా పాకుతుంది. అప్పటినుంచి దోస, పుచ్చ జాతుల విత్తనం వస్తే ఆ వైరస్ లేదని పరీక్ష అడుగుతున్నారు. మామూలుగా నమూనా 9,400 గింజలు! దోస గింజలైతే దాదాపు పావుకిలో పిండి చేసి పరీక్షకి పెట్టాలన్నమాట. లాట్ చిన్నదైతే నమూనా తగ్గుతుంది. 10 కిలోలకి ఈ ఖర్చు గిట్టుబాటవుతుందా అన్నది మీ బావా నువ్వూ కూర్చుని లెక్కేసుకోండి. నా మాటంటావా, మొదటిసారి దోస వదిలేసి మిగతా రెండిటితో చూసుకో.

ఇంకో మాట, మన డెల్టా నేల గురించి. గింజని రోడ్డు మీదో మట్టి కళ్ళంలోనో ఆరబోసే అలవాటు ఈ పనికి పనికిరాదు. సెనగబద్దంత నల్లమట్టి బెడ్డ ఒక్కటి దొరికినా ఆస్ట్రేలియావాళ్ళు లాట్ మొత్తం ఆపుతారు. మట్టిలో నులిపురుగులుంటాయి, శిలీంధ్రాలుంటాయి, కలుపు గింజలుంటాయి. టార్పాలిన్ మీద ఆరబెట్టి, జల్లెడ పట్టి, చేత్తో ఏరి, కొత్త సంచుల్లో కట్టు. పాత గోనె వద్దు, దాని కుట్టుల్లో ఏ పురుగు దాక్కుందో మనకేం తెలుసు. పొగ పెట్టించాల్సి వస్తే ముందు గింజ బాగా ఆరిందో లేదో చూసుకో. మన గాలిలో తేమ ఎక్కువ కదా, తడి గింజకి మిథైల్ బ్రోమైడ్ (పురుగుని చంపే విషవాయువు) పట్టిస్తే పురుగుతోపాటు మొలకా పోతుంది. విత్తనశుద్ధి మందు పట్టిస్తే దాని పేరూ మోతాదూ సర్టిఫికెట్‌లో రాయించు. అధికారి ధ్రువీకరించని దిద్దుబాట్లున్న కాగితం ఎవరూ ఒప్పుకోరు. సరుకు బయల్దేరే ముందే సర్టిఫికెట్ చేతికి రావాలి, తర్వాత తెచ్చుకుందామంటే కుదరదు.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో ఉంటుందండి. పురుడుకి వెళ్తున్నాను. ఆనప, పొట్ల, మిరప విత్తనాలు పసుపు డబ్బాలో పెట్టి, ఒక 5 కిలోల కొత్త బియ్యంతోపాటు తీసుకెళ్ళొచ్చా?
– ఒక గృహిణి, అమలాపురం

జవాబు: బియ్యం వద్దమ్మా, అక్కడే కొనుక్కోండి. మన దేశంలో ఉన్న, నిల్వ ధాన్యాన్ని తినే ఖాప్రా పెంకు పురుగంటే అమెరికావాళ్ళకి హడల్. 1953లో కాలిఫోర్నియా గిడ్డంగుల్లో బయటపడితే వదిలించుకోవడానికి ఏళ్ళు పట్టింది. దాని పిల్ల పురుగు తిండి లేకుండా ఏళ్ళ తరబడి సందుల్లో బతకగలదు.

విత్తనాలకి ఫైటో ఉండాలి. లేదా మీ అమ్మాయి అక్కడినుంచి ‘కొద్దిపాటి విత్తనాల’ పర్మిట్ తీసుకోవాలి. దాని కింద ఒక్కో పొట్లంలో 50 గింజలో, 10 గ్రాములో మించకూడదు. మొత్తం 50 పొట్లాలు దాటకూడదు. పొట్లం మీద శాస్త్రీయ నామం, ఏ దేశానిదో రాయాలి. మందు పట్టించిన విత్తనం పనికిరాదు. మిరపని ఈసారికి ఇంట్లోనే ఉంచండి. టమోటా, మిరప విత్తనాలకి వైరస్ భయంతో 2019 నుంచి విడిగా నిబంధనలు పెట్టారు. ఏది తీసుకెళ్ళినా అక్కడ దిగగానే కస్టమ్స్ అధికారికి ముందే చెప్పండి, అడిగితే చూపించండి. పసుపు డబ్బాలో దాచారో, జరిమానా పురుటి ఖర్చుతో పోటీపడుతుంది.

ప్రశ్న: నా దగ్గర నాలుగు దేశవాళీ వరి రకాలున్నాయి. విదేశీ విశ్వవిద్యాలయంలో పరిశోధకుడొకరు పోస్టులో గుప్పెడు పంపమంటున్నారు. పంపొచ్చా?
– ఒక రైతు, పెనుగొండ

జవాబు: పంపకండి. ఫైటో ఒక్కటే సరిపోదు. 2002 జీవ వైవిధ్య చట్టం ప్రకారం విదేశీయులు ఇలాంటి విత్తనాల్లో ఉన్న మన జన్యు సంపద తీసుకోవాలంటే చెన్నైలోని జాతీయ జీవ వైవిధ్య ప్రాధికార సంస్థ ముందస్తు అనుమతి ఉండాలి. ఆ దరఖాస్తు పెట్టుకోవాల్సింది ఆయనే, మీరు కాదు. ఆ మాటే ఆయనకి రాయండి.