లాంచర్‌లో నా ప్రోగ్రామ్ ఎందుకు రాదు?

ప్రశ్న: పేరులో కొన్ని అక్షరాలు కొడితే ప్రోగ్రామ్ తెరిచిపెట్టే ఫ్లో లాంచర్‌ను విండోస్‌లో వేసుకున్నాను. వర్డ్, క్రోమ్ రెండు మూడు అక్షరాలు కొట్టగానే వస్తున్నాయి. జిప్ విప్పి డి డ్రైవ్‌లో పెట్టుకున్న ఆడియో ఎడిటర్ మాత్రం పేరంతా కొట్టినా రావడం లేదు. ఎందుకు?

జవాబు: ప్రోగ్రామ్ కోసం లాంచర్ డిస్కంతా గాలించదు. ముందే తయారు చేసి పెట్టుకున్న జాబితాలో వెతుకుతుంది. అది చటుక్కున పలికేది అందుకే. ఆ జాబితాలోకి ముఖ్యంగా వచ్చేవి స్టార్ట్ మెనూ షార్ట్‌కట్‌లు. ఇన్‌స్టాలర్ నడిపితే ఆ షార్ట్‌కట్ అదే పెట్టేస్తుంది. జిప్ విప్పి వాడుకునేవాటికి పెట్టే నాథుడు లేడు.

ఫ్లో లాంచర్ సెట్టింగ్స్‌లో ప్లగిన్లు, అందులో ప్రోగ్రామ్ తెరిచి, ఎడిటర్ ఉన్న ఫోల్డర్‌ను చేర్చి, మళ్లీ ఇండెక్స్ చేయిస్తే, అంటే జాబితాను కొత్తగా తయారు చేయిస్తే, వస్తుంది. కానీ డి డ్రైవ్ మొత్తాన్ని ఇచ్చేయకండి. ఏ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్ చూసినా అప్‌డేటర్, అన్‌ఇన్‌స్టాలర్, క్రాష్ రిపోర్టర్ అంటూ అసలు ప్రోగ్రామ్ పక్కన నాలుగైదు తోకలుంటాయి. అవన్నీ ఫలితాల్లోకి ఎగబాకుతాయి.

మా ఓటు మరో పద్ధతికి. విండోస్ కీ+ఆర్ నొక్కి, షెల్, కోలన్, ప్రోగ్రామ్స్ అని ఇంగ్లిష్‌లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. మీ స్టార్ట్ మెనూ ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఎడిటర్ ఫైల్‌ను మౌస్ కుడి బటన్‌తో లాక్కొచ్చి అక్కడ వదిలితే షార్ట్‌కట్ చేయమంటారా అని అడుగుతుంది, సరేననండి. షార్ట్‌కట్‌కు మీ నోటికి వచ్చే పొట్టి పేరు పెట్టుకోండి. రేపు లాంచర్ మార్చినా ఇది చెక్కుచెదరదు. లాంచీ అయినా, పవర్‌టాయ్స్ రన్ అయినా, విండోస్ సొంత సెర్చ్ అయినా చూసేది ఆ ఫోల్డర్‌నే.

ప్రశ్న: ఆల్ట్+స్పేస్ నొక్కితే ఒక్కోసారి లాంచర్ బదులు రీస్టోర్, మూవ్, సైజ్ అని చిన్న మెనూ వస్తోంది.

జవాబు: అది విండోస్ సొంత మెనూ. ఆ కీలను ఏ లాంచరూ పట్టుకోనప్పుడు బయటికొస్తుంది. అంటే లాంచర్ మొదలే కాలేదు, లేదా ఆ హాట్‌కీ (దాన్ని పిలిచే కీల జత) దానికి దక్కలేదు. విండోస్‌తో పాటే మొదలయ్యేలా సెట్టింగ్ పెట్టారేమో ముందు చూడండి. రెండు లాంచర్లున్నాయా? ఫ్లో, లాంచీ, పవర్‌టాయ్స్ రన్ మూడూ మొదట అడిగేది ఆల్ట్+స్పేస్‌నే. ఒకదానికి వేరే కీలివ్వండి.

అడ్మిన్ హక్కులతో (సిస్టమ్‌లో మార్పులు చేయగల అధికారంతో) తెరిచిన విండో ముందున్నప్పుడే ఇలా అవుతుంటే కారణం వేరు. మామూలు హక్కులతో నడిచే పవర్‌టాయ్స్‌కు ఆ విండోలో నొక్కే కీలు కనిపించకపోవచ్చు. అలాగని లాంచర్‌నే ఎప్పుడూ అడ్మిన్‌గా నడపడం మొదలెట్టకండి. దాన్నుంచి తెరిచేవాటికీ ఆ హక్కులే సంక్రమించవచ్చు. అప్పుడు ఎక్స్‌ప్లోరర్ నుంచి ఫైళ్లు లాగి వాటిలో వదలడం కూడా కుదరదు. అవసరమైన ఒక్క ప్రోగ్రామ్‌ను లాంచర్‌లో ఎంచుకుని కంట్రోల్+షిఫ్ట్+ఎంటర్ నొక్కితే చాలు.

ప్రశ్న: తెలుగులో టైప్ చేస్తూ మధ్యలో లాంచర్ పిలిస్తే పెట్టెలో తెలుగు అక్షరాలు పడుతున్నాయి, ఏమీ దొరకడం లేదు.

జవాబు: జాబితాలో పేరు ఇంగ్లిష్‌లో, మీరు కొట్టింది తెలుగులో. జత ఎలా కుదురుతుంది! ఫ్లో లాంచర్ జనరల్ సెట్టింగ్స్‌లో ఎప్పుడూ ఇంగ్లిష్‌లోనే టైపింగ్ మొదలుపెట్టే ఐచ్ఛికం ఉంది, ఆన్ చేయండి. మిగతావాటిలో విండోస్ కీ+స్పేస్‌తో భాష మార్చుకోవాలి. విండోస్ భాషల జాబితాలో లేని, విడిగా వేసుకున్న టైపింగ్ సాఫ్ట్‌వేర్ అయితే దాని సొంత హాట్‌కీతోనే ఆపాలి.

ప్రశ్న: ఉబుంటు లినక్స్‌లో యూలాంచర్ అనే లాంచర్ కంట్రోల్+స్పేస్‌కు ఉలకదు పలకదు.

జవాబు: వేలాండ్ (లినక్స్‌లో తెరపై విండోలను చూపే పద్ధతి) సెషన్‌లో ఉన్నారేమో చూడండి. అక్కడ అప్లికేషన్లు తమంతట తాము హాట్‌కీలను పట్టుకోలేవు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్ విభాగానికి వెళ్లి కస్టమ్ షార్ట్‌కట్ ఒకటి చేర్చండి. కమాండ్ గడిలో యూలాంచర్, హైఫన్, టాగిల్ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో రాసి, నచ్చిన కీలివ్వండి.