45 రోజుల పర్షియన్ కూనకి అడ్వాన్స్ కట్టొచ్చా?
సీతమ్మధారలో ఒకావిడ ఇంట్లో పెంచిన పర్షియన్ పిల్లి కూనకి 45 రోజులేనని, ఫోన్‌పేలో అడ్వాన్స్ పంపితేనే ఉంచుతానన్నారని రాశారు కదండీ. డబ్బు ఇప్పుడే పంపకండి. ముందు ఇంటికెళ్లి తల్లిని చూడండి. చూపించకపోతే అక్కడితో వదిలేయండి. కూనని 12 వారాల దాకా తల్లి దగ్గరే ఉంచమనండి. ఈలోగా మొదటి టీకా, బూస్టర్ కూడా పడతాయి.

నాకైతే అసలు టెన్షన్ పీకేడీ గురించే. కిడ్నీల్లో నీటితిత్తులు పెరిగే ఈ జబ్బు పర్షియన్లలో వంశపారంపర్యంగా వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకదానికి ఉన్నా చాలు, కూనకి రావచ్చు. అందుకే రెండింటి డీఎన్‌ఏ రిపోర్టులూ అడగండి. కూన జాతి, వంశం వివరాలుండే పెడిగ్రీ కాగితం ఈ సంగతి చెప్పదు.

అన్నట్టు, ఆ బొచ్చు రోజూ దువ్వాలి. నేను బద్ధకించాను, ఉండలు కట్టేసి చివరికి మొత్తం గొరిగించాల్సి వచ్చింది.