అరబిక్ పదాలు గుర్తుండటం లేదన్నవారికి

రోజూ జాబితా బట్టీపట్టినా వారం తిరిగేసరికి మర్చిపోతున్నానని, 'ఇస్తిఖ్బాల్' నిఘంటువులో దొరకలేదని రాశారు. టెన్షన్ పడకండి. మీ జ్ఞాపకశక్తి బాగానే ఉంది, జాబితా పద్ధతే అరబిక్‌కు సరిపోదు.

చాలా పదాలకు మూలం మూడు హల్లులు. క-త-బ అంటే రాత. కాతిబ్ రాసేవాడు, మక్తూబ్ రాయబడింది, మక్తబ్ ఆఫీసు. మక్తబ్ మూస అదే, అక్షరాలు మార్చండి: త-బ-ఖ వంటకు సంబంధించింది, మత్బఖ్ వంటగది. ఈ మూసలు మీ చెవికి కొత్త కాదు. మన ప్రభుత్వ కచేరీల్లో వాడే హాజరు, దాఖలు పదాలు కాతిబ్ మూసవే. మంజూరు మక్తూబ్ మూసది.

ఇక ఇస్తిఖ్బాల్. హాన్స్ వేర్ అరబిక్-ఇంగ్లిష్ నిఘంటువు ధాతువుల (మూల హల్లుల) వరుసలో ఉంటుంది. ముందున్న 'ఇస్తి'ని, చివరి దీర్ఘాన్ని తీసేస్తే ఖ-బ-ల మిగులుతుంది. ఆ ధాతువు కింద చూడండి: స్వాగతం, రిసెప్షన్. ఖాల (అన్నాడు) లాంటివి మాత్రం కొంచెం ఇబ్బంది పెడతాయి, దాని ధాతువు ఖ-వ-ల. మధ్య 'వ' దీర్ఘంలో కలిసిపోయింది. వాటిని తర్వాత పట్టుకోండి.

మూస అర్థాన్ని ఊహించడానికే పనికొస్తుంది. మక్తబా కూడా క-త-బ ధాతువుదే, కానీ అర్థం లైబ్రరీ లేదా పుస్తకాల షాపు. అందుకే ఊహించాక నిఘంటువులో సరిచూసుకోండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: ధాతువులను తెలుగు లిపిలో రాసుకోవద్దు. గుండెకూ కుక్కకూ మన లిపిలో 'కల్బ్' అనే రాసేస్తాం, అరబిక్‌లో మొదటి అక్షరాలు వేరు. నోటుబుక్కులో పేజీకి ఒక ధాతువు, అరబిక్ అక్షరాల్లోనే రాయండి. కొత్త పదం ఎదురైనప్పుడల్లా దాని పేజీలో చేర్చండి.