తీర్పు దినం రాకముందే తీర్పు చెప్పే అధికారం ఎవరికీ లేదు

బాప్తిస్మం తీసుకోకుండా కన్నుమూసిన మీ తండ్రిగారు నిత్యాగ్నిలో ఉన్నారని పాస్టరుగారు చెప్పారనీ, క్రైస్తవులందరి నమ్మకమూ ఇదేనా అనీ మీరు అడిగారు. అందరి నమ్మకమూ అది కాదు. ఏ కాలంలోనూ కాలేదు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీలు గోదావరి డెల్టాలో మొదలుపెట్టిన బ్రదరన్ అనే ప్రొటెస్టంటు సంఘాల మధ్య, నరసాపురానికి దగ్గరలో పెరిగినవాడిని నేను. నరకాన్ని గురించిన ప్రసంగాలు నా చెవులకు కొత్త కాదు.

మా అమ్మమ్మ సంఘంలో ఉండేది, తాతగారు చేరలేదు. ఆదివారం ఉదయం ఆయన ఆమెను సైకిలు మీద మందిరం దాకా తీసుకొచ్చి, రొట్టె విరిచే ఆరాధన ముగిసేవరకు కాలవ గట్టు మీద కూర్చుని ఎదురుచూసేవారు. ఏటా జరిగే కూటాలకు తాటాకు పందిరి వేయించేదీ, దూరపు ఊళ్ల నుంచి వచ్చినవారికి భోజనాలకు బియ్యం పంపేదీ ఆయనే. ఆయన పోయినప్పుడు అమ్మమ్మ కోరిక మీద పెద్దలు మా కొబ్బరితోటలోనే భూస్థాపన కూడిక జరిపించారు. వాక్యం చెప్పడానికి మరో ఊరి నుంచి వచ్చిన బోధకుడు లూకా సువార్త పదహారో అధ్యాయం తెరిచి, ధనవంతుడు పాతాళంలో నాలుక చల్లార్చుకోవడానికి నీటిబొట్టు అడిగిన సంగతిని చాలాసేపు వివరించి, చివరకు శవపేటిక వైపు చెయ్యి చాపి, ఈయన కూడా ఇప్పుడు అక్కడే కేకలు వేస్తున్నాడని అన్నాడు. పెట్టె పక్కన కూర్చున్న అమ్మమ్మ తల ఎత్తి, అందరికీ వినబడేలా, "తీర్పు దినం అయిపోయిందాండీ, అయ్యగారూ?" అని అడిగింది. ఆయన దగ్గర జవాబు లేదు. సంఘ పెద్ద ఒకాయన లేచి ప్రార్థన చేసి కూడిక ముగించారు.

ఆ ప్రశ్నకు నేటికీ ఏ బోధకుడి దగ్గరా సరైన జవాబు లేదని నా దృఢమైన అభిప్రాయం. బైబిలులో చివరిదైన ప్రకటన గ్రంథం ఇరవయ్యో అధ్యాయంలో దేవుడు తీర్పు తీర్చే ధవళ సింహాసనం, విప్పబడిన గ్రంథాలు, మృతులను అప్పగించే సముద్రం, అన్నీ ఇంకా జరగవలసినవే. ప్రభువు వచ్చేవరకు దేనిని గూర్చీ తీర్పు తీర్చవద్దని పౌలు కొరింథీయులకు స్పష్టంగా రాశాడు. కథోలిక సంఘం ఎందరినో పునీతులుగా ప్రకటించింది గాని, ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని ఇన్ని శతాబ్దాలలో ఒక్కసారి కూడా అధికారికంగా ప్రకటించలేదు. నవంబరు 2న సమాధుల పండుగనాడు మా పక్కింటి కథోలికులు కొవ్వొత్తులు వెలిగించి మృతుల కోసం ప్రార్థిస్తుంటే మావాళ్లు తప్పుపడతారు. ఆ ప్రార్థన విషయంలో నేను మావాళ్లతోనే ఉన్నాను, కానీ చనిపోయినవారి మీద నోరు అదుపులో పెట్టుకోవడం ఆ కథోలికుల దగ్గరే నేర్చుకోవాలి.

శిక్ష ఎంతకాలమన్న విషయంలో కూడా సంఘం ఒక్క మాట మీద లేదు. నిస్సా పట్టణపు బిషప్పు గ్రెగొరీ నాలుగో శతాబ్దంలోనే, దేవుని అగ్ని శుద్ధి చేస్తుందనీ, చివరకు అందరూ ఆయన దగ్గరకు చేరతారనీ ఆశించాడు. ఆ తరువాతి తరంలో ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీను అటువంటి ఆశలను గట్టిగా ఖండించి, శిక్షకు అంతం లేదని వాదించాడు. పడమటి సంఘాలలో ఆయన మాటే నిలిచింది. దుష్టులు చివరకు పూర్తిగా నశించిపోతారని, శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటించే సెవెంత్ డే అడ్వెంటిస్టులు బోధిస్తారు. ఇవాంజెలికల్ క్రైస్తవులలో ఎంతో గౌరవం పొందిన ఇంగ్లండు బోధకుడు జాన్ స్టాట్ కూడా 1988లో అదే అభిప్రాయం వైపు మొగ్గు చూపాడు.

నేనూ ఆ వైపే ఉన్నాను. ఆత్మను, దేహాన్ని కూడా నరకంలో నశింపజేయగలవానికి భయపడమని ప్రభువే చెప్పినప్పుడు, "ఈ అగ్నిగుండము రెండవ మరణము" అని ప్రకటన ఇరవయ్యో అధ్యాయంలో యోహాను రాసినప్పుడు, అది నిజంగా మరణమేనని నమ్ముతున్నాను. అపవాది, అంటే సాతాను, యుగయుగములు బాధింపబడునన్న మాట అదే అధ్యాయంలో ఉందని నాకు తెలుసు, నిత్యశిక్ష అన్న మాట మత్తయిలో ఉందనీ తెలుసు. వాటిని పట్టుకుని వాదించే సహోదరులను నేను గౌరవిస్తాను. నరకాన్ని చూసి వచ్చామంటూ యూట్యూబులో మంటల బొమ్మలు పెట్టి సాక్ష్యాలు చెప్పేవారిని మాత్రం గౌరవించలేను. ఆ వీడియోలు చూసి చిన్నపిల్లలు రాత్రిళ్లు నిద్రలో ఉలిక్కిపడుతున్నారు, తల్లిదండ్రులు దానినే భక్తి అనుకుంటున్నారు. ఆ భయంతో మోకరించినవారెవరూ మూడు వానాకాలాలు సంఘంలో నిలిచి ఉండడం నేను చూడలేదు.

మీ నాన్నగారి జ్ఞాపకార్థ కూడిక ఎలాగూ పెడతారు. వాక్యం ఎవరు చెప్పాలో, ఏ భాగం చదవాలో ముందుగానే పెద్దలతో మాట్లాడి నిర్ణయించుకోండి; ఆ హక్కు కుటుంబానికి ఉంది. లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచిన యోహాను పదకొండో అధ్యాయం చదివించమని అడగండి. పాస్టరుగారు అందుకు ఒప్పుకోకపోతే, ఆ రోజుకు వేరొకరిని పిలుచుకోవడానికి సంకోచించకండి.