పని లేని నెలల్లో ట్రాలీని టైర్ల మీదే ఉంచాలా, ఎత్తి పెట్టాలా?

రెండు మూడు నెలలకు మించి కదలదనుకుంటే, ఖాళీ ట్రాక్టర్ ట్రాలీని ఇరుసు కింద దిమ్మెలు పెట్టి టైర్లు నేలకు తగలకుండా లేపడమే మేలు. బరువంతా ఒకేచోట పడితే టైరు అక్కడ చదునవుతుంది. గాలి మెల్లగా దిగేకొద్దీ పక్కభాగం మడతపడి పగులుతుంది.

అనంతపురం వైపు శెనక్కాయ ఇల్లు చేరాక తొలకరి దాకా ట్రాలీకి పెద్ద పనుండదు. నేల నల్లరేగడైతే దిమ్మె దిగబడుతుంది. కింద వెడల్పాటి కడప బండ పరిచి, పైన మొద్దు చెక్క పెట్టాలి. ముందు కొక్కెం వైపు కూడా ఆనింపు కావాలి. జాకీ మీదే వదిలేస్తే మాత్రం ఆయిల్ జారి ఎప్పుడో కుంగుతుంది.

ఎత్తితే టైరు ఇక చెడదనుకోవడం పొరపాటు. సీమ ఎండకు గాల్లో ఉన్న టైరూ పగులుతుంది, గోనెపట్టాలు కప్పాల్సిందే.