సమాధానం: ఆటో ప్రెస్‌లో డిజైన్ అంచున రెండో నీడ

చేత్తో నొక్కే ప్రెస్‌లో శుభ్రంగా వచ్చిన సబ్లిమేషన్ ప్రింట్‌కి (కాగితం మీది ఇంక్‌ని వేడితో ఆవిరి చేసి బట్టకి ఎక్కించే అచ్చు), రెండు బల్లల ఆటో ప్రెస్ పెట్టాక అంచున నీడ పడుతోందన్నారు కదండీ. వేడీ టైమూ మార్చకండి. పాలిస్టర్ టీషర్టుకి 200 డిగ్రీలు, 50 సెకన్లు సరిపోతాయి. పైనుంచి నొక్కే వేడి ప్లేటు లేచే తీరే అసలు తప్పు. టైమర్ అవగానే ప్లేటు ఒక్క ఊపున లేస్తే, కాగితం దాంతోపాటు ఎగిరి కాస్త పక్కన పడుతుంది. ఇంక్ అప్పటికింకా ఆవిరవుతూనే ఉంటుంది కాబట్టి పడిన చోటా అచ్చు దిగుతుంది.

మీది ప్లేటుని పైనుంచి నెట్టే గాలి సిలిండర్ కాబట్టి, ప్లేటు లేచేటప్పుడు గాలి దాని పై పోర్టు (గాలి వచ్చిపోయే రంధ్రం) నుంచే బయటికి పోతుంది. అక్కడ గాలి వేగాన్ని తగ్గించే ఫ్లో కంట్రోల్ వాల్వ్ బిగించండి. అది బయటికి పోయే గాలినే అడ్డుకోవాలి, బాణం గుర్తు చూసి మరీ పెట్టండి. తిరగేస్తే దిగడం నెమ్మదిస్తుంది, లేవడం మాత్రం అలాగే ఉంటుంది. స్క్రూ పూర్తిగా మూసి, పావు చుట్టు చొప్పున వదులుతూ, మొదటి అంగుళానికి ఒక సెకను పట్టేలా చూసుకోండి.

నీడ ఎప్పుడూ బల్ల జరిగే దిశలోనే ఉంటే మాత్రం కుదుపు బల్లది. దాని వేగం తగ్గించి, చివర రబ్బరు ఆపు వేయండి. రెండిట్లో ఏదైనా సరే, కాగితం నాలుగు మూలలా హీట్ టేపు (వేడిని తట్టుకునే టేపు) తప్పనిసరి.